వంద ధ్వనుల పరీక్ష

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా తమ్ముడి కొడుకు అక్షరాలా అదే చేశాడు. వాడి సంస్థ ఇప్పుడు ఏడంతస్తుల్లో ఉంది. వాడి యంత్రం ఎన్ని కర్మాగారాల్లో మోటార్ల జబ్బులు కనిపెడుతోందో వాడికే సరిగ్గా తెలియదు. పత్రికలవాళ్లు వెళ్లినప్పుడల్లా వాడు ఒకటే మాట చెబుతాడు: "ఒక ఆలోచన, ఒక వేసవి, ఒక పరీక్ష." మూడూ నిజమే. ఆలోచన పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ వేసవి మా ఇంట్లోనే గడిచింది. పరీక్ష పెట్టినవాణ్ణి నేనే. వాడు చెప్పకుండా వదిలేసిన సంగతులు రాయడానికి నాకంటే తగినవాడు దొరకడు.

ఇంటి ముందుభాగం తమ్ముడి వర్క్‌షాపు, వెనక వాళ్ల కాపురం, మేడమీద నేనూ నా పుస్తకాలూ. ముప్పై మూడేళ్లు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి విరమించాను. కింద రోజంతా సుత్తుల మోత, గ్రైండరు కీచు, నలుగురు పనివాళ్ల అరుపులు. పైన నా ఉపన్యాసాలు. సాయంత్రం పని ముగించి తమ్ముడు మెట్లెక్కి వచ్చి నా ఎదుట కూర్చునేవాడు. జాతకాలు ఎందుకు బూటకమో, మహిమలు ఎలా చేస్తారో, సాక్ష్యం అంటే ఏమిటో నేను వివరిస్తూంటే చిరునవ్వుతో తలూపేవాడు. ఒక్కనాడూ ఎదురు వాదించలేదు. మా వంశంలో నా తర్వాత అంతటి హేతువాది అతడేనని నమ్మాను.

వీధిలో అతణ్ణి మోటారు డాక్టరు అనేవారు. చెడిన మోటారును బల్లమీద పెట్టించి, కరెంటు ఇప్పించి, పొడవాటి స్క్రూడ్రైవరు మొనను దాని ఒంటికి ఆనించేవాడు. పిడిని కుడిచెవి వెనక ఎముకకు నొక్కుకుని కళ్లు మూసుకునేవాడు. పది సెకన్లు. తర్వాత సుద్దముక్కతో మోటారు మీద ఒక అంకె వేసేవాడు. ఒకటంటే బేరింగు అరిగింది, రెండంటే షాఫ్టు వంగింది, ఇలా ఆరు రోగాలు. ఏడంటే ఏ రోగమూ లేదు, తీసుకెళ్లండి అని. ఊళ్లో ఉన్న మిల్లులన్నీ ఆ అంకె కోసం మోటార్లు పంపేవి.

వేసవి మొదట్లో ఒకనాడు తమ్ముడి కొడుకు శబ్దాన్ని పట్టే నాణెమంత బిళ్ల ఒకటి తెచ్చి మోటారుకు అంటించాడు. దాని తీగ కంప్యూటరులోకి పోయింది.

"నాన్నా, ఇంకోసారి పెట్టు."

"ఎన్నిసార్లు పెట్టినా బేరింగే రా. అడిగినకొద్దీ మారడానికి ఇదేమన్నా మీ అమ్మ తలనొప్పా?"

"నా తలనొప్పికి ఎప్పుడూ ఒకటే కారణం," అంది మా మరదలు వెనక గుమ్మంలోంచి. "దానికి స్క్రూడ్రైవరు అక్కర్లేదు, కళ్లెదురుగానే తిరుగుతూంటుంది."

పనివాళ్లు గొల్లుమన్నారు. వాడు మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగి, "పెదనాన్నా, నాన్న చెప్పే అంకెనీ ఈ శబ్దాన్నీ కొన్ని వందలసార్లు జతచేసి చూపిస్తే చాలు. ఆ తర్వాత అంకె యంత్రమే చెబుతుంది. మిల్లులో ప్రతి మోటారుకీ ఒక బిళ్ల అంటిస్తే మోటారు కాలిపోకముందే కబురొస్తుంది," అన్నాడు.

అంత పొందికైన ఆలోచనను నేను నా వృత్తిజీవితంలో ఏ విద్యార్థి నోటా వినలేదు. లేచి వాడి భుజం తట్టాను.

తమ్ముడు మాత్రం బిళ్లను వేలితో తడిమి, "అయితే నా చెవిని నాకే అమ్ముతావన్నమాట," అన్నాడు మెల్లగా. అతడెప్పుడూ మెల్లగానే మాట్లాడేవాడు. గొంతెత్తని మనిషి, ఎంత వినయమో అనేవారు.

ఆ పదివారాలూ ఇంట్లో వేరే మాట లేదు. ఇద్దరూ కలిసి ఆరువందల నలభై మోటార్లు చూశారు. తమ్ముడు అంకె వేస్తాడు, కొడుకు శబ్దాన్ని పట్టి దాస్తాడు, పనివాళ్లు మోటారు విప్పి లోపల నిజంగా ఏముందో చూస్తారు. చూసినది నేను కాగితం మీద ఎక్కిస్తాను. ఆ పద్ధతి నా సలహాయే. విప్పి చూడనిదే ఏ అంకెనూ నమ్మవద్దన్నాను. ఎండకు రేకుల కప్పు వేడెక్కి కొలిమిలా ఉండేది. తండ్రీకొడుకులు చొక్కాలు విప్పి, ఒకరి చెమట ఒకరికి అంటేలా వంగి పనిచేసేవారు. వాళ్లిద్దరూ అంత దగ్గరగా ఉండటం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

పదోవారంలో తెల్లచొక్కా ఆయన వచ్చాడు. పెట్టుబడులు పెట్టే సంస్థ తరఫు మనిషి. వర్క్‌షాపులో చొక్కా మీద మరక పడకుండా గంటసేపు తిరగగలిగిన మొదటి మనిషి కనుక మరదలు ఆ పేరు పెట్టింది. యంత్రం పనిచేసిన తీరు చూసి మెచ్చుకున్నాడు. తర్వాత మేడమీద నా కుర్చీలోనే కూర్చుని ఒప్పందం ముసాయిదా చదివి, ఒక వాక్యం కింద గీత గీశాడు. "అనుమానం వచ్చిన ప్రతి ధ్వని మీదా చివరి మాట మా నాన్నగారిది" అని రాసి ఉంది అక్కడ. తమ్ముడి కొడుకే రాశాడు. తమ్ముడికి చదివి వినిపించాడు కూడా. ఆ వాక్యాన్ని నమ్ముకునే తమ్ముడు మిల్లులతో ఆ ఏడాది ఒప్పందాలు కొత్తగా రాసుకోలేదు. కొడుకు కంపెనీలో కూర్చోవడానికి రెండు చొక్కాలు కుట్టించుకున్నాడు.

"మనిషి కావాలంటే ఇది వర్క్‌షాపు," అన్నాడు తెల్లచొక్కా. "మనిషి అక్కర్లేదంటే ఇది సంస్థ. ముందు ఆ సంగతి తేల్చండి. ఇద్దరికీ పరీక్ష పెట్టండి. ఆయన యంత్రంతో సమానంగా చెప్పినా ఈ వాక్యం ఉండనిస్తాను. లేకపోతే కొట్టేస్తాను."

"పరీక్ష ఎవరు పెడతారు?" అన్నాడు మా వాడు.

"ఇంట్లోనే ప్రొఫెసర్ ఉన్నారుగా."

నాకు ఒళ్లు పులకరించింది. జీవితమంతా స్వాముల మీదా సోదిచెప్పేవాళ్ల మీదా పెట్టాలని కలగన్న పరీక్షను పెట్టే అవకాశం వచ్చింది. ఆ రాత్రే నియమాలు రాశాను. మోటారును చూడకూడదు, చూస్తే తుప్పును బట్టి వయసు చెప్పవచ్చు. వాసన చూడకూడదు, కాలిన వైండింగు ముక్కుకే తెలుస్తుంది. ముట్టుకోకూడదు, వేడి రహస్యం చెబుతుంది. బిళ్ల పట్టిన వంద ధ్వనులను యంత్రానికి ఎలా ఇస్తామో మనిషికీ అలాగే, హెడ్‌ఫోన్ల ద్వారా ఇవ్వాలి. ఒక్కొక్కటి ఒక్కసారే, పది సెకన్లు. ఎక్కడా సందు లేదు. ఇప్పటికీ ఆ కాగితం తీసి చదివితే, దాన్ని రాసినవాడి తెలివికి నాకు ముచ్చటేస్తుంది.

తమ్ముడు మొదట ఒప్పుకోలేదు.

"పరీక్షలంటే నాకు చిన్నప్పట్నుంచీ గిట్టదని నీకు తెలుసుగా అన్నయ్యా. మోటారు నా ముందు పెట్టండి, చెబుతాను. శబ్దాన్ని డబ్బాలో పెట్టి చెప్పమంటే ఎట్లా?"

"ఎక్కడున్నా శబ్దం శబ్దమేరా. మోటారులో ఉన్నదే డబ్బాలోనూ ఉంటుంది."

"ఉంటుందనుకో..." అని నా మొహంలోకి చూశాడు. ఏదో చెప్పబోయాడు. అతడి చూపు నా పెదవుల మీద ఉంది. ఆ సంగతి గమనించాను కానీ, దాన్ని వినయం ఖాతాలో వేశాను.

"ఈ పరీక్ష అయ్యాక నీ విద్యను ఎవడూ ఊరికే నమ్మక్కర్లేదు. రుజువు ఉంటుంది," అన్నాను గట్టిగా.

"సరే. నువ్వు చెప్పావంటే సరే."

ఆదివారం పొద్దున పరీక్ష. నిశ్శబ్దం కోసం పనివాళ్లను రావద్దన్నాను. ఫ్యాన్లు కూడా ఆపించాను. వర్క్‌షాపు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. తెల్లచొక్కా ఒక పక్క, సాక్షిగా పిలిచిన మిల్లు ఫోర్‌మన్ ఒక పక్క కూర్చున్నారు. మా వాడు కంప్యూటరు దగ్గర నిలబడ్డాడు. వెనక గుమ్మంలో మరదలు నిలబడి ఉంది. ఆమె మొహం ఎందుకో పాలిపోయింది.

తమ్ముడు కొత్త చొక్కా తొడుక్కుని వచ్చాడు. హెడ్‌ఫోన్లు నేనే పెట్టాను, సాక్షులిద్దరికీ కూడా చెరో జత ఇచ్చాను.

మొదటి ధ్వనికి అతడు కనుబొమలు ముడిచి, "ఇంకోసారి," అన్నాడు.

"ఒక్కసారే. నియమం."

"ఆఁ?"

"ఒక్కసారే!"

"అయితే... నాలుగు."

తప్పు. రెండోది తప్పు. మూడోది ఒప్పు. అయిదోదానికి ఫోర్‌మన్ నవ్వాపుకున్నాడు, ఎందుకంటే అది ఆయన మిల్లు మోటారే. దాని బేరింగు అరిగిందని మోటార్ల సంగతి ఎరగనివాడికైనా తెలిసేంత గరగర ఉంది. తమ్ముడు ఏడు అన్నాడు. ఏ రోగమూ లేదన్నమాట. చెమట అతడి కణతల మీంచి కొత్త చొక్కా కాలరులోకి జారుతోంది.

ముప్పై నాలుగో ధ్వని దగ్గర అతడు హెడ్‌ఫోన్‌ను కుడిచెవి మీంచి వెనక్కి జరిపాడు. దాని గట్టి అంచును చెవి వెనక ఎముకకు ఆనించి, అరచేత్తో అదిమి, కళ్లు మూసుకున్నాడు. అతడి నుదుటి ముడతలన్నీ ఒక్కసారి విడిపోయాయి.

"రెండు," అన్నాడు. ఒప్పు. ముప్పై అయిదు ఒప్పు. ముప్పై ఆరు ఒప్పు.

"చెవి మీద పెట్టుకో," అన్నాను.

వినిపించుకోలేదు. దగ్గరికి వెళ్లి, హెడ్‌ఫోన్‌ను పట్టుకుని, నా చేత్తోనే చెవి మీదికి జరిపాను. కళ్లు తెరిచి నన్ను చూశాడు. తర్వాత ముప్పై ఏడోది విని, తప్పు చెప్పాడు.

నేను ప్రతి ఏడూ తరగతిలో శ్రుతిదండాన్ని మోగించి, దాని కాడను ఒక విద్యార్థి చెవి వెనక ఎముకకు ఆనించేవాణ్ణి. చెవి గూబ పాడైనవాడికి గాలిలో శబ్దం అందదు కానీ ఎముక ద్వారా చక్కగా అందుతుందని ముప్పై మూడేళ్లు బోధించాను. అటువంటివాడు రణగొణధ్వనిలో మామూలుగా మసలుతాడనీ, ఎందుకంటే అక్కడ అందరూ అరుస్తారనీ చెప్పాను. తన గొంతు తనకు గట్టిగా వినిపిస్తుంది కనుక మెల్లగా మాట్లాడతాడని కూడా చెప్పాను. అప్పుడు, ఆ బల్ల దగ్గర నిలబడి ఉన్నప్పుడు, నాకు తెలిసిందా అని పాఠకులు అడగవచ్చు. తెలిసింది. అరవై మూడు ధ్వనులు మిగిలి ఉన్నాయి. అరవై మూడూ వినిపించాను.

ఆపితే అందరి ముందూ అతడి చెవుడు బయటపడుతుందని ఆపలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట నా పెద్దమనిషితనానికి బాగానే ఉంటుంది. అసలు కారణం అది కాదు. నా నియమాల్లో సందు ఉందని తెల్లచొక్కా ముందు ఒప్పుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

వందోది కాగానే తమ్ముడు హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, లెక్క తేలేవరకు ఆగకుండా లోపలికి వెళ్లిపోయాడు. యంత్రానికి తొంభై రెండు. అతడికి ముప్పై ఒకటి. ఏమీ వినకుండా ఊరికే అంకెలు చెప్పుకుంటూ పోయినా పద్నాలుగు వస్తాయి.

"ఇన్నేళ్లూ మేం మోటార్లు పంపింది ఈయనకా?" అన్నాడు ఫోర్‌మన్. "మా గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగినా ఇంతకంటే మెరుగ్గా చెప్పేవాడు. పేరు మోటారు డాక్టరు! రోగి బతికితే దేవుడి దయ."

తెల్లచొక్కా నవ్వాడు. మా వాడు నవ్వలేదు, కానీ కంప్యూటరు మీంచి తల కూడా ఎత్తలేదు. తెల్లచొక్కా జేబులోంచి కలం తీసి, ముసాయిదాలో గీత గీసిన వాక్యాన్ని కొట్టేశాడు.

మధ్యాహ్నం మరదలు మేడమీదికి వచ్చింది. ఆమె ఎన్నడూ నా ఎదుట కూర్చోలేదు. ఆ రోజు కూర్చుంది.

"ఇప్పటికైనా తెలిసిందా బావగారూ?"

"తెలిసింది. ఎప్పటినుంచి?"

"పెళ్లికి ముందునుంచీనట. బళ్లో పిలిస్తే పలకడం లేదని మొద్దబ్బాయి అని పేరు పెట్టారట కదా. మీరూ పెట్టారట."

పెట్టాను. ఎనిమిదేళ్ల తమ్ముడికి పన్నెండేళ్ల అన్న పెట్టిన పేరు అది.

"మరి రోజూ నా దగ్గరికి వచ్చి కూర్చునేవాడు. అన్నిటికీ తలూపేవాడు," అన్నాను.

"మీ మాటలు వినపడవని మీకు చెప్పడం బాగుండదని. అన్నయ్య సంతోషంగా మాట్లాడుకుంటాడు, కాసేపు కూర్చొస్తాననేవారు." ఆమె గొంతులో ఎగతాళి ఏమీ లేదు. "పోయిందేదో పోయింది. పరీక్ష తప్పుగా పెట్టానని మీరు రాసివ్వండి. చెవుడని మాత్రం రాయొద్దు. చెవిటి డాక్టరంటే ఇంక ఈ గుమ్మం ఎవడూ తొక్కడు."

"కారణం రాయకుండా తప్పని ఎలా రాస్తానమ్మా?"

"మరి ఇన్ని చదివిందెందుకు మీరు?" అని లేచి వెళ్లిపోయింది.

పరీక్ష నివేదిక చివర నేను ఒకే వాక్యం చేర్చాను: "ఇందులో పాల్గొన్న వ్యక్తి ధ్వనిని ఎముక ద్వారా గ్రహించేవాడు, ఆ మార్గాన్ని నియమాలు మూసివేసినందున అతడి ఫలితాన్ని పరిగణించరాదు." చెవుడు అన్న మాట రాకుండా నిజం చెప్పగలిగినందుకు కొంత తృప్తి కూడా కలిగింది. సంతకం చేయకముందే మా వాడు చదివాడు.

"ఈ వాక్యం తీసెయ్యాలి పెదనాన్నా."

"ఇది నిజం."

"నిజమే. ఎముకతో ఎందుకు వింటాడు, చెవులకేమైందని తెల్లచొక్కా అడుగుతాడు. ఆ తర్వాత, ఆరువందల నలభై మోటార్లకి అంకెలు వేసింది చెవిటివాడా అంటాడు. ఆ యంత్రాన్ని మీరైతే కొంటారా?"

"నీకు ముందే తెలుసా?"

"ఆయన కడుపున పుట్టినవాణ్ణి. అన్నం తినేటప్పుడు నేనేం చెప్పినా రెండుసార్లు చెప్పాలి. నాకు తెలియకుండా ఉంటుందా?"

"హెడ్‌ఫోన్లు అన్నప్పుడు మరెందుకు ఊరుకున్నావు?"

వాడు నివేదికను నా ముందుకు జరిపాడు. "మీరు రాసిన నియమం కదా. మిమ్మల్ని తప్పుపట్టేంత చదువు నాకెక్కడిది?"

"ఆ వాక్యం నువ్వే రాశావు కదరా. చివరి మాట నాన్నదని."

"రాశాను. అప్పటికి నిజంగానే అనుకున్నాను. కానీ ఆయన ఉన్నంతకాలం అది నాన్న విద్య అంటారు. ఇప్పుడు నాది అంటారు. ఆయనకి ఏ లోటూ రానివ్వను. మీకు తెలుసు," అన్నాడు.

ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. దాన్ని కూడా రాయాలి. తమ్ముడికి ఆ తర్వాత తిండికీ బట్టకీ ఏనాడూ లోటు లేదు.

నేను ఆ వాక్యాన్ని కొట్టేసి, కింద సంతకం పెట్టాను. పేరు కింద నా చదువూ, నా హోదా, నేను పాఠం చెప్పిన ఏళ్ల సంఖ్యా రాయమన్నాడు. రాశాను.

మిల్లుల్లో కబురు ఎంత వేగంగా పాకిందంటే, రెండోవారానికి బల్ల ఖాళీ అయింది. ఫోర్‌మన్ నోరు ఊరుకునేది కాదు. వచ్చిన ఒకరిద్దరు కూడా గుమ్మంలో నిలబడి, "మీ అబ్బాయి లేడా?" అని అడిగేవారు. తమ్ముడు వాళ్ల పెదవులను చూసి, లేడని చెయ్యి ఊపేవాడు. పనివాళ్లలో ముగ్గురు కొడుకు దగ్గర చేరారు. నాలుగోవాడు వెళ్లడానికి సిగ్గుపడుతూంటే తమ్ముడే పంపాడు. మేడమీదికి రావడం మానలేదు. రోజూ వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, అలాగే చిరునవ్వు నవ్వేవాడు. నేనే మాట్లాడలేకపోయాను. పరీక్షలో ఎన్ని వచ్చాయని అతడు అడగలేదు. నేను చెప్పలేదు. ఆ అంకెను ఇంట్లో ఎవరూ పలకలేదు.

తొలకరి పడిన వారంలో సంస్థ ప్రారంభోత్సవం. పెద్ద హాలు, వేదిక మీద పువ్వులు, వెనక గోడంత తెర. మమ్మల్ని మొదటి వరుసలో కూర్చోబెట్టారు. తమ్ముడు రెండో కొత్త చొక్కా వేసుకున్నాడు. మా వాడు వేదికెక్కి, తల్లిదండ్రులకు నమస్కరించి మొదలుపెట్టాడు. వాడికి మాట్లాడటం వచ్చు. ఆలోచన ఎలా తట్టిందో, రేకుల కప్పు కింద ఎలా కష్టపడ్డాడో చెప్పాడు. "మా నాన్న మంచి పనివాడు. కానీ మనిషి చెవిని నమ్ముకుంటే ఏమవుతుందో మా ఇంట్లోనే పరీక్ష పెట్టి చూశాం," అన్నాడు. హాలు నవ్వింది. ఇటూ అటూ చూసి తమ్ముడు కూడా నవ్వాడు.

తెర మీద రెండు అంకెలు వెలిగాయి. ఒక్కొక్కటి మనిషంత ఎత్తు. తొంభై రెండు, ముప్పై ఒకటి.

తమ్ముడు వాటిని చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు వంగాడు.

"ఆ ముప్పై ఒకటి ఎవరిది అన్నయ్యా?"

అతడికి వినపడాలంటే నేను అరవాలి. అరిస్తే హాలుకంతా వినపడుతుంది. చేత్తో అతడి వైపు చూపించాను.

అర్థం కానట్టు తన గుండె మీద వేలు పెట్టుకుని, కనుబొమలెత్తాడు. నేను తలూపాను.

"వందకా?"

మళ్లీ తలూపాను.

తెర వైపు తిరిగి కాసేపు ఏదో లెక్కవేసుకున్నాడు. మళ్లీ వంగి, ఎప్పటిలాగే మెల్లగా అడిగాడు.

"విప్పి చూసిన ఆరువందల నలభైలో నేను చెప్పినవి ఎన్ని తప్పు?"

ఆ కాగితాలన్నీ రాసినవాణ్ణి నేను. ఎడమచేతి అయిదు వేళ్లూ, కుడిచేతి నాలుగు వేళ్లూ ఎత్తి చూపించాను.

నా వేళ్లను ఒక్కొక్కటే చూసుకున్నాడు.

"మరి అది తెర మీద వేయలేదేం?"

హాలంతా లేచి నిలబడింది. పక్కవాళ్ల చేతులు కదలడం చూసి, తమ్ముడు కూడా లేచి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు.